నాన్న మీసం మీద నా మొక్కు

ఇంటర్ మొదటి సంవత్సరంలో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి, ఆలోచన రాకముందే చెయ్యి లేవడం. రెండోది, ఆ చేసినదానికి తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కోవడం. రోడ్డు పక్కన తాటిముంజలు కనిపించాయని కదులుతున్న బస్సులోంచి దూకేశాను. మోకాలు చిట్లింది. కుంటుకుంటూ వెళ్ళేసరికి ముంజలు అయిపోయాయి. కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్ "అసలు నీ బుర్రలో ఏముందే?" అనడిగితే, అడిగారు కదా అని నిజంగానే ఆలోచించి, "ప్రస్తుతానికి గోంగూర అండీ" అన్నాను. ఆ రోజు నా క్యారేజీలో అదే ఉంది మరి. క్లాసంతా నవ్వింది, నేను బయట నిలబడ్డాను.

మాది గుడివాడ. నాన్నకి మోటార్లకి వైండింగ్ చేసే షాపుంది. చుట్టుపక్కల ఊళ్ళ రొయ్యల చెరువుల మోటార్లన్నీ కాలిపోయి మా నాన్న దగ్గరికే వస్తాయి. నాన్నకి మాటలు తక్కువ, మీసం ఎక్కువ. "ఎప్పటికవుద్దండీ?" అని ఎవరైనా అడిగితే, ఎడం పక్క మీసాన్ని రెండు వేళ్ళతో పైకి దువ్వుతాడు. వాళ్ళేదో అర్థం చేసుకుని తృప్తిగా వెళ్ళిపోతారు. షాపులో చెల్లిన ఆ భాష ఇంట్లో అమ్మ దగ్గర చెల్లలేదు.

అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చి చూస్తే, కుట్టుమిషను ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. బందరులో ఉండే మా మేనత్త కుట్టుపని మొదలుపెడతానని ఫోన్ చేస్తే, నాన్న మిషన్ని ఆటోలో వేయించి పంపేశాడు. మచిలీపట్నాన్ని మా ఇంట్లో ఎవరూ ఆ పెద్ద పేరుతో పిలవరు, బందరే.

"నా మిషను ఎవర్నడిగి పంపారండీ?" అంది అమ్మ.

నాన్న మీసం దువ్వాడు.

"మిమ్మల్నే. ఒక్క మాట అడగాలనిపించలేదా?"

ఈసారి కుడి పక్క దువ్వాడు.

"ఆ మీసంతో నేను కాపురం చెయ్యలేను" అని అమ్మ బ్యాగు సర్దింది. దివిసీమలో అవనిగడ్డ మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వూ వస్తావా?" అని నన్నడిగింది. వస్తానని చెబుదామనే నోరు తెరిచాను. "వెళ్ళు, ఎవరొద్దన్నారు!" అని వచ్చింది. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె రోజూ ఫోన్ చేసేది, నేను రోజూ కట్ చేసేదాన్ని. మాట్లాడితే ఏడుస్తానని భయం. ఏడిస్తే నేనోడిపోయినట్టని లెక్క. ఎవరితో పందెమో నాకే తెలీదు. ఒకరోజు పొద్దున్న జడ వేసేవాళ్ళు లేరన్న కోపంతో జడే కత్తిరించేశాను. జడ లేకపోతే వేసే పనే ఉండదు కదా అని అప్పుడు చాలా తెలివైన ఆలోచనలా అనిపించింది. నాన్నమ్మ తెగిన జడని ఒళ్ళో పెట్టుకుని, చచ్చిపోయిన పిల్లికూనని నిమిరినట్టు నిమురుతూ శోకాలు పెట్టింది. నాన్న నా తల వైపు చూసి ఏదో అనబోయి, మీసం దువ్వి షాపుకెళ్ళిపోయాడు. ఇంట్లో నిజంగా ఎవరూ ఎవరితోనూ మాట్లాడని రోజులవి. నాకు అమ్మ కావాలి. ఆ ఒక్క మాట చెప్పడం తప్ప మిగతా పిచ్చి పనులన్నీ చేశాను.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున్న కాలేజీకని బయల్దేరి, బస్టాండులో అవనిగడ్డ బోర్డు కనిపించగానే ఎక్కేశాను. పామర్రు దాటే వరకు మహా ధైర్యంగా ఉన్నాను. చల్లపల్లి దాటాక ధైర్యం సన్నగిల్లింది. అవనిగడ్డ ఇంకాస్త దూరం ఉందనగా మోపిదేవిలో దిగిపోయి, పుస్తకాల సంచీతో సహా సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో దూరాను.

ఆ గుడి నాకు కొత్త కాదు. నా పుట్టువెంట్రుకలు తీయించింది, చెవులు కుట్టించింది అక్కడే. గుండుతో, నోరంతా తెరిచి ఏడుస్తున్న నా ఫోటో ఒకటి ఇంట్లో ఇప్పటికీ ఉంది. క్యూలో నిలబడి చుట్టూ చూస్తే అలాంటి పిల్లలే. ఒక బుడ్డోడు మేనమామ ఒళ్ళో కూర్చుని ఊరంతా వినబడేలా ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ మాత్రం మొక్కు తీరిందని నిశ్చింతగా ఉంది. అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. మొక్కుకునేది అమ్మ, జుట్టు పోయేది పిల్లాడికి. వాడినెవరూ అడగరు, నన్నూ ఎవరూ అడగలేదు. కన్నవాళ్ళు పిల్లల జుట్టు మొక్కుకోవచ్చంటే, పిల్లలు కన్నవాళ్ళది ఎందుకు మొక్కుకోకూడదు?

నా జుట్టు ఇద్దామంటే అది కోడిపిల్ల ఈకల్లా ఉంది, దేవుడికి చూపించడానికే సిగ్గేసింది. పైగా అమ్మే స్వయంగా చెప్పింది కదా, ఆ మీసంతో కాపురం చెయ్యలేనని. రోగమెక్కడుందో అక్కడే మందు. గర్భగుడి ముందు కళ్ళు గట్టిగా మూసుకుని, "స్వామీ, అమ్మ ఇంటికొచ్చేస్తే మా నాన్న మీసం నీకు ఇప్పిస్తాను" అని మొక్కేశాను. పూజారిగారు శఠగోపం తల మీద పెట్టారు. నా వరకు అది సంతకం అయిపోయినట్టే.

బయట అరుగు మీద కూర్చుని పులిహోర తింటుంటే, మళ్ళీ చెయ్యే ముందు లేచింది. అమ్మకి ఫోన్ కొట్టేశాను. ఆమె "హలో" అనగానే ఏం చెప్పాలో తోచక, "ఇక్కడ పులిహోర బాగుంది" అని పెట్టేశాను.

ఆ వారం తిరక్కుండానే అమ్మ ఇంటికొచ్చేసింది.

తన మోకాళ్ళ నొప్పుల సంగతి విని కోడలు పరిగెత్తుకొచ్చిందని నాన్నమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. నాన్న ఏమనుకున్నాడో తెలీదు కానీ, మీసం రెండు పక్కలా దువ్వాడు. అసలు కారణం ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసని నేను లోలోపల పొంగిపోయాను. అయితే ఒక్కటే నన్ను పీకుతోంది. అమ్మ బ్యాగు ఖాళీ చెయ్యలేదు. ట్రంకుపెట్టె మీద పెట్టి, అందులోంచే చీర తీసి కట్టుకునేది, ఉతికి మడతపెట్టి మళ్ళీ అందులోనే పెట్టేది. మిషను ఇంకా బందరులోనే ఉంది. అంటే అమ్మ సగమే వచ్చింది, మీసం ఇస్తేనే మిగతా సగం వస్తుందని నాకు తేలిపోయింది.

మొక్కు చెల్లించకపోతే ఏమవుతుందని నాన్నమ్మని దొంగచాటుగా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. సుబ్రహ్మణ్యేశ్వరుడంటే పాముల దేవుడు కదా, ఎవరో మొక్కు మర్చిపోతే బియ్యం డబ్బాలో పడగ విప్పిందట. మనం మర్చిపోయినా ఆయన మర్చిపోడట. మర్నాడే మా దొడ్లో గట్టు పక్కన పాము కుబుసం కనిపించింది. వానాకాలంలో మా వీధిలో కుబుసాలు దొరకడం వింతేమీ కాదు. కానీ నాకు అది దేవుడు పంపిన నోటీసులా కనిపించింది. ఆ రోజు నుంచి బియ్యం డబ్బా మూతని చీపురుకట్టతో తీసేదాన్ని.

ముందు సామరస్యంగానే ప్రయత్నించాను.

"నాన్నా, మీసం తీసేస్తే నువ్వు కుర్రాడిలా ఉంటావు తెలుసా?"

"చదువుకో" అన్నాడు నాన్న.

నాన్నమ్మ మాత్రం గుండెలు బాదుకుంది. "అపశకునపు మాటలాడకే! కన్నవాళ్ళు బతికుండగా మీసం తియ్యకూడదు. మీ తాత పోయినప్పుడు తీశాడు. మళ్ళీ తీస్తే నేను పోయినప్పుడే."

నేను నాన్నమ్మ వైపు కాసేపు చూశాను.

"ఏంటే ఆ చూపు?" అంది నాన్నమ్మ, మంచం మీద వెనక్కి జరిగి.

అబ్బే, అంత దూరం ఆలోచించలేదు. ఆలోచించడం మొదలుపెట్టాక మానేశాను.

ఇలా నలుగుతుండగానే ఒక ఆదివారం వచ్చింది. పొద్దున్నే అమ్మ, "మిషను ఎప్పుడు తెస్తారు?" అనడిగింది. నాన్న చెయ్యి మూతి దగ్గరికి వెళ్ళింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. చేపల పులుసు వండి, అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, బ్యాగు జిప్పు లాగింది. "రేపు మొదటి బస్సుకెళ్తాను" అని గోడతో చెప్పింది.

ఆ జిప్పు చప్పుడుకి నేను లేచి నిలబడ్డాను. ఈసారి వెళితే రాదు. నాకు తెలుసు. నాన్న పులుసు తిన్న మత్తులో వాలుకుర్చీలో వెనక్కి పడి గురక పెడుతున్నాడు. గురక తీసినప్పుడల్లా మీసం లేచి పడుతోంది, నన్ను పిలుస్తున్నట్టే ఉంది. అమ్మ కత్తెర కిటికీలో కనిపించింది. ఆ తర్వాత జరిగినదానికి నేను పూర్తిగా బాధ్యురాలిని కాదు, సగం ఆ కత్తెరది. ఒకే ఒక్క కోత. ఎడం పక్క మీసం మొత్తం నా గుప్పిట్లోకి వచ్చేసింది.

నాన్న కళ్ళు తెరిచాడు. అలవాటుగా చెయ్యి ఎడం పక్కకెళ్ళింది. అక్కడేమీ లేదు. నాన్న అరిచిన అరుపుకి నాన్నమ్మ లేచి, కొడుకు మొహం చూసి, "అయ్యో, నేను పోయాననుకున్నావురా నాయనా!" అని అందుకుంది. ఆ శోకం విని పక్కింటి పిన్నిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చి, "ఎప్పుడు పోయారమ్మా?" అని నాన్నమ్మనే అడిగింది. ఆ గొడవలో, "మోపిదేవి మొక్కు! మోపిదేవి మొక్కు!" అని అరుస్తూ నేను బస్టాండు వైపు పరిగెత్తాను. ఆటోవాళ్ళు దారిచ్చారు. నా మొహంలో ఏదో కనిపించి ఉండాలి.

పామర్రులో బస్సు మారినప్పుడు కూడా గుప్పిలి విప్పలేదు. విప్పితే గాలికెగిరిపోతుందని భయం. చల్లపల్లి దగ్గర పక్క సీటావిడ జాంకాయ ముక్క ఇవ్వబోతే, ఆకలేస్తున్నా ఎడం చేత్తో తీసుకోవడం బాగోదని వద్దన్నాను.

మోపిదేవిలో తలనీలాలు తీసే చోటికి తిన్నగా వెళ్ళి, ఖాళీగా ఉన్న క్షురకుడి ముందు కూర్చుని గుప్పిలి విప్పాను. ఆయన నెరిసిన జుట్టు పెద్దాయన. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"మీసం అండీ. సగం. మొక్కు."

"ఎవరిది?"

"మా నాన్నది."

"మరి నాన్నేడీ?"

"ఇంటి దగ్గరున్నాడండీ. అరుస్తున్నాడు."

ఆయన కత్తి కింద పెట్టేశాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందే అమ్మాయ్! మనిషిని ఇక్కడ కూర్చోబెట్టి తీస్తే మొక్కు. ఇంటి దగ్గర కత్తిరించి తెస్తే అది చెత్త."

అంత వరకు ఎక్కడా ఏడవలేదు నేను. అమ్మ వెళ్ళిన రోజు కూడా. చెత్త అన్న మాట వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. గుళ్ళో అప్పుడే గుండు కొట్టించుకున్న బుడ్డపిల్లలు కూడా తమ ఏడుపు ఆపి నా వైపు చూశారు. పెద్దాయన కంగారుపడి చెంబుతో నీళ్ళిచ్చాడు.

ఆ నీళ్ళు తాగుతుండగానే అమ్మా నాన్నా బండి మీద వచ్చారు. నాన్న మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపించేలా ఉన్నాడు. బందిపోటు దొంగ అనుకున్నారేమో, జనం పక్కకి తప్పుకున్నారు. అమ్మ చెప్పులు కూడా ఎక్కడో వదిలేసి వచ్చింది.

"ఎందుకే ఇలా చేశావ్?" అన్నాడు నాన్న. తువ్వాలు కిందికి జారింది. కుడి పక్క మీసం ఠీవిగా, ఎడం పక్క బోడిగా. క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అమ్మ ఇంటికొస్తే నీ మీసం ఇస్తానని మొక్కుకున్నాను. వచ్చింది. నువ్వివ్వలేదు. అందుకే మళ్ళీ వెళ్ళిపోతానంటోంది. అమ్మ లేకపోతే నాకు బాగోదు నాన్నా. నాకస్సలు బాగోదు. నీకు బాగుంటుందా?"

నాన్న చెయ్యి పైకి లేవబోయి, మధ్యలో ఆగిపోయింది. నా ముందే నేల మీద కూలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని, "నాకూ బాగోదు" అన్నాడు. అంత పొడుగు జవాబు మా నాన్న దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"అమ్మగారున్నారా బాబూ?" అన్నాడు పెద్దాయన, ఆ సగం మీసాన్ని చూస్తూ. "ఉంటే ఒక మాట అడిగితే మంచిది. తర్వాత నన్ను తిట్టుకుంటారు."

నాన్న జేబులోంచి ఫోన్ తీసి నాన్నమ్మకి కలిపాడు. స్పీకర్లో నాన్నమ్మ గొంతు గుడంతా వినిపించింది. "స్వామికైతే సరేరా. కానీ మళ్ళీ మొలిచేదాకా వీధిలోకి రాకు. ఇందాకట్నుంచి ముగ్గురు పరామర్శకొచ్చారు, వాళ్ళకి నేనే కాఫీ పెట్టిచ్చాను!"

ఫోన్ పెట్టేసి నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నీకేమన్నా అభ్యంతరమా?"

"ఇన్నేళ్ళకి ఒక్క మాట అడిగారు. అదీ మీసం గురించి" అంది అమ్మ.

"మిషను గురించి కూడా అడగాల్సింది. తప్పే." నాన్న నేల చూస్తూ అన్నాడు. "రేపు బందరెళ్ళి తెస్తాను. చెల్లికి వేరే కొనిస్తాను. నువ్వూ రా... వస్తావా?"

అమ్మ జారిపోయిన తువ్వాలు తీసి తన భుజాన వేసుకుంది. పెద్దాయన అప్పటికే కత్తికి కొత్త బ్లేడు వేసి, రెండే రెండు గీతల్లో మిగతా సగం తీసేశాడు. నాన్న తలెత్తాడు. నేను బిత్తరపోయాను. మీసం వెనకాల ఇన్నాళ్ళూ మా బందరు మేనత్త దాక్కునుంది! అదే మూతి, అదే ముక్కు.

"అచ్చం మీ చెల్లెల్లా ఉన్నారండీ" అని అమ్మ పక్కున నవ్వేసింది. నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నాన్న సిగ్గుపడి తువ్వాలు వెతుక్కున్నాడు. నా మొక్కు తీరింది. పాములు, కుబుసాలు, బియ్యం డబ్బాలు అన్నీ ఒక్కసారిగా భుజం మీదినుంచి దిగిపోయాయి.

అప్పుడు అమ్మ కళ్ళు తుడుచుకుని, "సరే, ఇక నువ్వు కూర్చో" అంది నాతో.

"నేనెందుకు?"

"నీ తలనీలాలు మొక్కాను."

"నన్నడక్కుండానా!" నా గొంతు నాన్నమ్మ గొంతు కంటే గట్టిగా లేచింది. "నా జుట్టు నన్నడక్కుండా ఎలా మొక్కుతావ్?"

హాలంతా ఘొల్లుమంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. నాన్న కూడా నవ్వాడు, ఆ కొత్త మూతితో.

అమ్మ మాత్రం ఈసారి నవ్వలేదు. "ఆ రోజు నేను వెళ్తుంటే బస్సు ఇక్కడాగింది. కిటికీలోంచే దణ్ణం పెట్టాను. నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడితే చాలు, నీ జుట్టు ఇప్పిస్తానని. రోజూ ఫోన్ చేశాను. రోజూ పెట్టేశావ్. చివరికి ఒకరోజు చేసి పులిహోర బాగుందన్నావ్." అమ్మ నా పొట్టి జుట్టు సవరించింది. "ఇంకేమీ చెప్పలేదే నువ్వు. దానికే బయల్దేరొచ్చేశాను."

నేను నిలబడే విన్నాను. ఆమె వచ్చింది మీసానికి కాదు. నేను పనికిమాలినదనుకున్న ఆ ఒక్క మాటకి. అమ్మ నన్ను వదిలేసిందని ఇన్నాళ్ళూ ఏడవకుండా బిగబట్టుకున్నాను. ఆమేమో నేను తనని వదిలేశానని అవనిగడ్డలో కూర్చుని ఏడ్చింది. నాకు సిగ్గూ సంతోషం రెండూ కలిసి మొహం వేడెక్కిపోయింది.

"ఆడపిల్ల కదమ్మా, మూడు కత్తెర్లిస్తే చాలు. మొక్కు తీరినట్టే" అన్నాడు పెద్దాయన.

"గుండే కొట్టండి" అన్నాను.

"ఆగవే! ఒక్క నిమిషం ఆలోచించుకోవే!" అని అమ్మ అరిచేలోపు నేను చెంబు ఎత్తి నెత్తి మీద నీళ్ళు కుమ్మరించేసుకున్నాను.

పెద్దాయన నిట్టూర్చి కత్తి తీశాడు. నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేనని అమ్మకి తెలుసు. నా ఎదురుగా తడి నేల మీదే కూర్చుని, రెండు చేతులతో నా చెంపలు పట్టుకుంది. చల్లటి కత్తి నడినెత్తిన ఆనింది.

"నువ్వు మళ్ళీ వెళ్ళకమ్మా" అన్నాను.

"వెళ్ళను" అంది అమ్మ. "ముందు తల కదపకు, తెగుద్ది."